దోనెకి చోటు

తాటిదోనెకి ఎండ తగలకూడదు. చెక్కిన రోజు నుంచి నీళ్లలోనైనా ఉండాలి, తడి గోనెల కిందనైనా ఉండాలి. ఆరిందంటే నెర్రె తీస్తుంది. ఒకసారి నెర్రె పొడవునా పాకితే అది దోనె కాదు, పొయ్యిలోకి కట్టె. ఈ ముక్క మా బావ ఎలీషా నాకు నూరుసార్లు చెప్పాడు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చేలోపు ఇంకో ఇరవైసార్లు చెప్పాడు.

మా అక్క మెర్సీ మొగుడు అతను. పుట్టింది కొల్లేటి లంకలో. వాళ్ల నాన్న వల వేసిన చోట చేపల చెరువుల గట్లు లేచాక బావ తాడేపల్లిగూడెం వచ్చి మార్కెట్టులో బస్తాలు మోశాడు. ఇరవై ఏళ్లు మోశాడు. నిరుడు బస్తా జారి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక బాడిస పట్టి ఎనిమిది నెలలు సాయంత్రాలు కూర్చుని తాటిమొద్దు తొలిచి ఈ దోనె చెక్కాడు. లావుగా ఉన్న మొదలు ముందుకి, సన్నటి కొస వెనక్కి. కొసన తెరిచి ఉన్న చోట కొల్లేటి బంకమట్టి మెత్తాడు. "ఇంకోటి చెక్కే చెయ్యి కాదురా ఇది. దీన్ని ఒక్కసారి కొల్లేట్లో దించాలి" అన్నాడు. అంతకుమించి అతను నన్నేమీ అడగలేదు.

రెండు వేల మూడు మార్చి. మర్నాడు బూడిద బుధవారం, మా ఉపవాసాలకి మొదటి రోజు. శ్రమదినాలు మొదలైతే నలభై రోజులు అక్క ఇంట్లో చేప వండదు. అందుకని ఆ సాయంత్రానికే దోనె దించి ఒక్క చేపైనా పట్టాలనుకున్నాం. నేను ట్రాక్టరు తోలే మా రైతుని అడిగి ట్రాక్టరూ ట్రక్కూ మూడు రోజులకి తీసుకున్నాను. దోనెని ట్రక్కులోకి ఎక్కించడానికి ఎనిమిది మంది పట్టారు. గాలాలు, టార్పాలిను, బియ్యం, కిరసనాయిలు స్టవ్వు వేసుకుని బయల్దేరాం. లంకలో బావ పినతండ్రి కొడుకింట్లో దిగుదామని మా ఆలోచన.

శ్రమదినాల లెక్క వేళ్ల మీద వేసుకున్నాం గానీ జాతర లెక్క ఎవడూ వేయలేదు. మా ఇళ్లలో ఆ లెక్క ఉండదు. ఆ పొద్దున్నే కొల్లేటికోటలో అమ్మవారి జాతర మొదలైందట. ఏలూరులో ఎస్టీడీ బూత్ నుంచి బావ ఫోన్ చేస్తే పినతండ్రి కొడుకు నవ్వాడు.

"అన్నా, ఇంట్లో పాతికమంది చుట్టాలు. రేవులో పడవ మీద పడవ. నువ్వు ఒడ్డున నిలబడ్డానికి కూడా చోటు లేదు. పదిహేను రోజులాగి రా."

పదిహేను రోజులు దోనె ఆగదు.

బూత్ ఎదురుగా లాడ్జీ ఉంటే అడిగాను. మేనేజరు బయటికొచ్చి ట్రక్కు చూశాడు. "మనుషులకైతే ఒక గది ఉందండి. ఆ దుంగకి లేదు" అన్నాడు. గేటు దగ్గర కుర్రాళ్లు నవ్వారు. వెనకాల పంపు ఉంది కదా, రెండు గంటలకోసారి బిందెడు నీళ్లు పోసుకుంటామన్నాను. "ఏవండీ, ఇది లాడ్జీ అండి, పశువుల పాక కాదు" అన్నాడు. గౌరవంగానే అన్నాడు. మా వైపు తిట్టినా అండీ పెట్టే తిడతారు.

పదకొండయింది. గోనెలు అప్పుడే ఆరిపోతున్నాయి. బావ ట్రక్కెక్కి చెంబుతో నీళ్లు చల్లుతున్నాడు. చెవి దోనెకి ఆనించి ఉంచాడు. చెక్క విచ్చుకునే ముందు టిక్కుమంటుందట.

అప్పుడు పాండురంగారావు గుర్తొచ్చాడు. భీమడోలు హైస్కూల్లో తొమ్మిదో తరగతిదాకా ఒకే బెంచీ. ఇప్పుడు కొల్లేట్లో ఎనభై ఎకరాల చేపల చెరువులున్నాయి. ఫోన్ చేస్తే, "ఏసుపాదం! నువ్వా! రావయ్యా. గట్టు మీద షెడ్డు ఖాళీ. కాలవ పక్కనే" అన్నాడు. కాలవ పక్కనే అన్నాడని బావకి చెప్పాను. బావ ముఖం అప్పుడొక్కసారి తేటపడింది.

ఒంటిగంటకి చేరాం. ఎటు చూసినా గట్లే. చెరువు, గట్టు, చెరువు. కొల్లేరెక్కడా కనపడలేదు. చివరి గట్టుకి అవతల కాస్త తుంగ, దాని వెనక నీళ్ల మెరుపు. బావ దానికేసి చూస్తూ నిలబడిపోయాడు.

పాండురంగారావు మోటారుసైకిలు మీద వచ్చాడు. బావ పేరు అడిగి, షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. జాతరని తిట్టుకున్నాడు. "పనోళ్లందరూ కోటకే పోయారు. మేత వేసేవాడు లేడు, వల లాగేవాడు లేడు. పున్నం దాటేదాకా ఒక్కడు దొరకడు చూడు" అన్నాడు. ఫ్లాస్కు తీసి టీ పోశాడు. తనకి స్టీలు గ్లాసు. మాకు పెట్టెలోంచి వెతికి మరీ రెండు కాగితం గ్లాసులు తీశాడు. బావ టీ తాగి, గ్లాసు నలపకుండా తిరిగిచ్చాడు. పాండురంగారావు చెయ్యి చాపలేదు.

"అక్కడ పడేయండి, పర్లేదు."

నేను తాడు విప్పబోయాను.

"ఏసుపాదం, మీరిద్దరూ ఎన్నాళ్లయినా ఉండండి. అది మాత్రం కాలవలో దించొద్దయ్యా."

"అదేంటండీ?"

"ఈ నీళ్లే చెరువులకి పోయేది. బయట తిరిగిన పడవలతో చేపకి పేను పడుతుంది. లక్షల చేపపిల్ల వేశాను."

"ఇది ఇంకా ఏ నీళ్లూ ముట్టలేదండి. తాటితోపులోంచి తిన్నగా వచ్చింది."

"మరీ మంచిది. ముట్టకుండానే ఉంచండి."

అని నవ్వాడు. నేను కాలవకేసి చూశాను. ఎవరిదో గేదె పొట్టదాకా మునిగి నెమరేస్తోంది. పక్కన ఆయన మేత పడవలు మూడు. వాటిలో ఒకదాని మీద ఇంకో ఊరి రేవు పేరు రాసుంది, అంటే అది ఊళ్లు తిరిగిందే. మోటారుసైకిలు కడిగిన సబ్బు నురగ ఒడ్డునింకా ఉంది. గేదెకి పేను లేదు, సబ్బుకి జబ్బు లేదు. మేం పట్టుకొచ్చిన చెక్కకుంది.

"ఒక్క మూడు రోజులండి. ఆరిపోతోంది" అన్నాడు బావ. అంత సన్నటి గొంతు అతని దగ్గర నేనెప్పుడూ వినలేదు.

"చూడు ఎలీషా, నాకేం అభ్యంతరం? రేపు పక్క చెరువులవాళ్లు అడుగుతారు, ఎవరి దోనె, ఎవరిని దిగనిచ్చావు అని. నువ్వే ఆలోచించు."

ఎవరి దోనె అన్నప్పుడు పేను సంగతి ఆయనే మర్చిపోయాడు.

అప్పుడు వినపడింది. చిన్న చప్పుడే. ఎండు కొమ్మ విరిచినట్టు. బావ ఒక్క అంగలో ట్రక్కెక్కి గోనె లాగాడు. కొస దగ్గర మట్టి బీటలు వారింది. అక్కణ్ణుంచి జానెడు నెర్రె. దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చుండిపోయాడు, రక్తం ఆపుతున్నట్టు.

నేను మాటకారిని కాను. మా రైతు ఎదుటా, కరణం ఎదుటా, ఈ పాండురంగారావు ఎదుటా నాకు ఒకటే మాట, అలాగేనండి. ఆ మాట నోటిదాకా వచ్చింది. వచ్చింది గనుకే ఒళ్లు మండింది.

"బావా, దిగు" అన్నాను.

ట్రాక్టరెక్కి రివర్సు చేశాను. ట్రక్కు వెనక తలుపు కాలవ మీదికి వచ్చేదాకా నెట్టాను. బావ తలుపు దించి తాడు కోశాడు. పాండురంగారావు "ఏయ్, ఏయ్" అంటూ పరిగెత్తుకొచ్చాడు. నేను లివరు లాగాను. ట్రక్కు ముందువైపు లేచింది. దోనె ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత గరగరమని జారి, మొదలు ముందుగా కాలవలోకి దూకింది. గేదె బెదిరి అవతలి ఒడ్డుకి జరిగింది.

బావ చొక్కాతోనే నీళ్లలోకి దిగాడు. దోనెని అటూ ఇటూ ఊపి నిండా నీళ్లు పట్టించి ముంచాడు. చెక్క గుడగుడమని తాగుతోంది.

"తియ్యండి! ఇప్పుడే తీయించండి!" పాండురంగారావు చెంపలు అదురుతున్నాయి. "అన్నం పెట్టే చోట ఇదా చేసేది?"

"తీయిద్దాం పాండురంగారావూ. ఎనిమిది మంది కావాలి. పిలిపించు."

తొమ్మిదో తరగతి తర్వాత ఆయన పేరు గారు లేకుండా పలకడం అదే మొదలు. ఆయనకీ అది తెలిసింది. గట్టు పొడవునా చూశాడు. ఎనభై ఎకరాల మీద కొంగలు తప్ప ఎవరూ లేరు.

"పిలిపించినప్పుడు రోడ్డు వైపు కాదు, అదిగో, ఆ తుంగ వైపు మోయించు" అన్నాను.

"నీ సంగతి చూస్తాను" అన్నాడు.

"చూడు. ఇక్కడే ఉంటాను."

షెడ్డు తాళంచెవి మోటారుసైకిలు సీటు మీద పెట్టాను. ఆయన బండి దుమ్ము రేపుకుంటూ పోయింది. మళ్లీ వస్తాడు, ఒక్కడే రాడు. రానీ.

టార్పాలిను ట్రక్కుకీ గట్టుకీ మధ్య కట్టాను. బావ మెడలోతు నీళ్లలో ఉండి, కాలవ అడుగునుంచి బంకమట్టి తోడి, కొసకి మెత్తుతున్నాడు. కుడిచెయ్యి మాట వినక ఎడంచేత్తో మెత్తుతున్నాడు.

"మూసుకుంటుందా?"

"తాగనీ. మూడు రోజులకి గానీ తెలీదు."

నేను ట్రాక్టరు తాళం తీసి జేబులో వేసుకుని గట్టు మీద కూర్చున్నాను, దారికేసి తిరిగి.