వాగు కాపలా

బొల్లారం దిక్కు ఓ ఊర్ల మొగులయ్య సారంటే పిల్లలకు పానం. సర్కారు బడిల లెక్కలు చెప్పెటాయన, ఐతారం వచ్చిందంటే ఇంటి ముందటి అర్రల వాగు పాఠం చెప్పెటోడు. వాగు మనకేమిస్తది, మనం వాగుకేమిస్తున్నం, గదే పాఠం. పిల్లలు నెలకొకపారి దగ్గుమందు సీసల వాగు నీళ్లు పట్టి, తారీఖు చీటీ అంటించి, గోడపొంటి వరుసగ పెట్టెటోళ్లు. ఎనభై నాలుగుల పట్టిన నీళ్లు తేటగుండె. ఎనభై తొమ్మిదికొచ్చేసరికి నల్లగైనయి.

సారు కొడుకు వెంకటేశం మందుల కంపెనీల టెంపరరీ. మేనేజర్ నవ్వుకుంటనే అన్నడంట, "మీ నాయిన ఆ సీసల దుకాణం బంద్ చేస్తే ఒకటో తారీఖు నుంచి నువ్వు పర్మినెంట్."

సారు మూడొద్దులు బువ్వ సక్కగ తినలే. నాలుగోనాడు పిల్లలను పిలిచి, అర్రల వడ్లు పోసుకోవాలె, ఇగ పాఠం లేదని చెప్పిండు. ఎంత సిగ్గులేని అబద్ధం! సారోళ్లకు వడ్లేడివి, ఆ నీళ్లకే పొలం ఎండిపాయె. సారు మాట గదా, పిల్లలు నమ్మిన్రు. నమ్మినందుకే ఆయన గుండె కలుక్కుమన్నది.

మరి సీసలేం చెయ్యాలె? పెరట్ల పోస్తే జామచెట్టు సస్తది. మోరీల పోస్తే గల్లీ అంత కంపు. తెల్లారంగనే రెండు గోనెసంచులల్ల నింపి, సైకిల్‌కు కట్టుకొని వాగు కాడికే పోయిండు. దీని నీళ్లే గదా అని మనసుకు సర్దిచెప్పుకున్నడు. ఒక్కొక్క సీస చీటీ పీకి వాగుల ఇడిసి, నీళ్లు ఒంపుతున్నడు.

"ఎవరది?"

తుమ్మల చాటు నుంచి షకీలా వచ్చింది. అజీజ్ టైలర్ బిడ్డ, ఏడో తరగతి, నాయినమ్మతోటి మేకలను తోలుకొచ్చింది, ముసలామె మేకలెంట దూరంగ ఉన్నది. తెల్లారగట్ల కంపెనీ ట్యాంకర్లు వచ్చి వాగుల విషం ఒంపిపోతయని పిల్లలకు వంతుల కాపలా పెట్టింది సారే. ఎవరు పోసినా తారీఖు, టైము, పేరు రాయాలె, ఎంత పెద్దోళ్లయినా మొగమాటపడొద్దని నేర్పింది ఆయనే. సోమవారం సోమవారం ఆ నోట్‌బుక్ పంచాయతీల చదువుతరు. పాఠం బంద్ చేసిన పెద్దమనిషి కాపలా బంద్ చెయ్యమని చెప్పుడు మరిచిండు.

పోరి సీసలను సూసింది. తన చేతితోటి రాసిన చీటీలు నీళ్లల్ల తేలుతున్నయి. భుజం సంచిలకెళ్లి నోట్‌బుక్ తీసింది.

"సార్... రాయనా?"

వద్దంటే చాలు, మూసి లోపల పెట్టుకుంటది. ఊర్ల ఎవరికీ తెల్వది. మొగులయ్యకు వద్దనే మాట నాలుక మీదికి వచ్చింది గని, ఆ పిల్ల మొకం సూసినంక బయటికి రాలే.

"రాయి బిడ్డా."

తారీఖు రాసింది. టైము రాసింది. పేరు కాడ పెన్సిల్ ఆగింది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"మొగులయ్య," ఆయనే చెప్పిండు. "సార్ అని రాయకు."