మైకు ఆన్ చేయని బాబ్జీ

మా బందరు బడిలో చర్చా పోటీకి ఒక నియమం ఉంది. ఆధారం చూపలేని మాటకు మార్కులు లేవు. పేపరు కత్తిరింపో, ముద్రించిన కాగితమో అట్టకు అంటించి బల్ల మీద పెట్టాలి. పన్నెండేళ్ళ కిందట ఆ నియమం రాసింది నేనే.

ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలు ఎంచుకున్నది 'రణద్వీపం' అనే ఫోన్ ఆట. అది ఆడవాళ్ళను చిన్నచూపు చూస్తోందా, లేదా?

చూస్తోందన్నది గిలకలదిండి నుంచి ఆటోలో వచ్చే దివ్యశ్రీ. అట్ట మీద రెండు బొమ్మలు చూపించింది.

"ఇద్దరిదీ ఒకటే కవచం టీచర్. మగ సైనికుడికి మెడ నుంచి మోకాళ్ళ దాకా ఉంది. ఆడ సైనికురాలికి నడుమంతా బయటే. అక్కడ తూటా తగలదనా?"

"బొమ్మేగా! దానికి చలేస్తుందా ఏంటి?" అన్నాడు అవతలి పక్షం జయంత్. పిల్లలు నవ్వారు.

"బొమ్మని వదిలెయ్. ఆటలో నేను మైకు ఆన్ చేసి మాట్లాడగానే, 'పోయి అంట్లు తోముకో' అన్నారు. ఇంకా అన్నారు టీచర్. ఇక్కడ చెప్పలేను."

"ఆధారం?" అని జయంత్ చెయ్యి చాపాడు.

ఆ మాటలు అట్ట మీద లేవు. మార్కుల కాగితంలో ఆ మాటకు సున్నా వేశాను. దివ్యశ్రీ నా కలం వంకే చూసింది.

జయంత్ పుంజుకున్నాడు. "బాగా ఆడితే ఎవరూ ఏమీ అనరు టీచర్. మా టీములో బాబ్జీ అన్న ఉన్నాడు. ఒక్కసారి కూడా మైకు ఆన్ చెయ్యడు. అయినా అందరికీ గౌరవమే. అయిదు నెలల్నించి రావట్లేదు, అన్న లేక రోజూ ఓడిపోతున్నాం. ఇదిగోండి, స్కోరు పట్టిక."

పట్టికలో మొదటి పేరు బాబ్జీ.

నా సంచిలో ఐశ్వర్య ఫోన్ ఉంది. ఐశ్వర్య మా అమ్మాయి. జ్వరంతో పోయి అయిదు నెలలు. ఆ ఫోన్ ఆరిపోకుండా ఛార్జింగ్ పెట్టి, వెంట తెచ్చుకుంటున్నాను. అందులో ఆ ఆట తెరిస్తే పైన కనబడే పేరు బాబ్జీ. అది మాకు పాలు పోసే ఆయన పేరు. సరదాకు పెట్టుకుందనుకున్నాను.

మార్కులు కలిపాను. రెండు మార్కుల తేడాతో జయంత్ గెలిచాడు. పైకి చదివాను. అందరూ వెళ్ళాక వాళ్ళిద్దరినీ ఆపి, ఆట తెరిచి ఫోన్ జయంత్ చేతికిచ్చాను.

'అన్నా, ఎక్కడున్నావ్?' అని వాడు పంపినవే పాతిక మెసేజీలున్నాయి.

"అన్న ఫోన్ మీ దగ్గరుందేంటి టీచర్?"

"అన్న కాదు. మా ఐశ్వర్య."

తను ఈ బడిలోనే చదివింది. తను పోయిన రోజు మా ఇంటికి వచ్చిన పిల్లల్లో జయంత్ కూడా ఉన్నాడు. వాడి గొంతు తగ్గింది. "అక్కా? ముందే చెప్పుంటే మేమేమన్నా అనేవాళ్ళమా?"

"మరి మొన్న నన్నన్నది ఎవడ్రా?" అంది దివ్యశ్రీ.

వాడు తల దించుకున్నాడు. "మార్కులు మార్చెయ్యండి టీచర్."

"ఆధారం పోటీలో ఉన్నవాళ్ళే చూపాలి. మార్కులు వేసేవాళ్ళు కాదు." అదీ నేను రాసిందే. చెబుతుంటే నాకే చిరాకు వేసింది.

"మార్కులు పోనీండి," అంది దివ్యశ్రీ. "అక్క నిజంగా ఎప్పుడూ మాట్లాడలేదా టీచర్?"

"లేదమ్మా."

పక్కింటి కుర్రాళ్ళు ఆడుతుంటే అరుపులు వీధి చివరికి వినబడేవి. ఐశ్వర్య ఆడుతున్నట్టే తెలిసేది కాదు. పక్క గదిలో ప్రశాంతంగా పేపర్లు దిద్దుకునేదాన్ని. మా అమ్మాయికి అల్లరి తెలియదని పక్కింటి సత్యవతమ్మగారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా.