పదకొండు దగ్గర ఆగిన లెక్క

నేనొక హెడ్‌సెట్‌ని. తలకు తగిలించుకుని వినడానికి, నోటి ముందున్న చిన్న మైకులో మాట్లాడటానికి చేసిన పరికరాన్ని. ఏదో దూరదేశపు కర్మాగారంలో ఒక అమ్మాయి నాకు స్పాంజి అతికించి, మైకులో ఒకసారి ఊది చూసి పెట్టెలో పడేసింది. అలా రెండు వందల మందిమి ఓడెక్కి విశాఖపట్నంలో దిగాం. ఊరి చివర ఒక అంబులెన్సు కాల్ సెంటర్లో నాకు నలభై ఏడో నంబరు చీటీ అంటించారు. ఆరేళ్లలో నా స్పాంజి మూడుసార్లు మారింది. నన్ను పెట్టుకునే మనుషులు తొమ్మిది మంది మారారు. స్పాంజి చిరిగితే కంటికి కనబడుతుంది, వెంటనే కొత్తది వేస్తారు. మనుషుల సంగతి వాళ్లు మానేసిన రోజునే తెలిసేది.

ఆ తొమ్మిదో మనిషి గౌరీశ్వరి. ఇరవై ఆరేళ్లుంటాయి. విజయనగరం అవతల పల్లె నుంచి వచ్చి, చెల్లెలితో కలిసి ఒక గదిలో అద్దెకుండేది. ఎంత కంగారుగా అరిచేవాళ్లయినా ఆమె గొంతు వినగానే ఊరి పేరు సరిగ్గా చెప్పగలిగేవారు. అది అందరికీ రాదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఓ మనిషి ఫోన్ చేశాడు. జీడితోటలో పనిచేస్తుంటే భార్యను పాము కరిచిందట. గౌరీశ్వరి వెంటనే బండి పంపింది. దారిలో గెడ్డ పొంగి రోడ్డు మునిగిపోయింది, చుట్టూ తిరిగి రావాలని డ్రైవరు చెప్పాడు. ఆమె లైను వదల్లేదు. ఆఫీసు భాష పక్కనపెట్టి సొంత యాసలోకి వచ్చేసింది.

“ఆవిణ్ని కదపకు అన్నా. గుండె మీద చెయ్యేసి, ఊపిరి ఆడినప్పుడల్లా పైకి లెక్కెట్టు. నువ్వు సెప్పేది నాను ఇంటన్నాను.”

అతను లెక్కపెట్టాడు. యాభై రెండు నిమిషాలు. అరవై దాకా వెళ్లేవాడు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. రానురాను అంకెకూ అంకెకూ మధ్య ఎడం పెరిగింది. పది అన్నాడు. చాలాసేపటికి పదకొండు అన్నాడు. ఆ తర్వాత అతని రొప్పు మాత్రమే నాలోంచి ఆమె చెవికి చేరుతూ ఉంది.

“అన్నా?”

“ఇంక నేదమ్మా,” అన్నాడతను. “బండి రావద్దని సెప్పీ.”

కాల్ ముగిశాక ఇరవై సెకన్ల విరామం. అది నియమం. గౌరీశ్వరి కుర్చీలోంచి లేవబోతే సూపర్‌వైజరు ఇమ్మానుయేలు భుజం మీద చెయ్యి వేశాడు. “బాధగానే ఉంటుందమ్మా. కానీ పద్నాలుగు కాల్స్ ఆగి ఉన్నాయి. తీసుకో.” ఇరవయ్యొకటో సెకనులో ఎవడో తాగుబోతు నవ్వుతూ, అంబులెన్సులో బిర్యానీ తెస్తారా అని అడిగాడు. “నమస్కారం, చెప్పండి,” అంది ఆమె. ఆమె చెమట నా స్పాంజిలోకి దిగింది.

అప్పటినుంచి ఆమె చెవి నాకు కొత్తగా ఉండేది. ప్రతి కాల్‌కూ మెడనరం ఎగిరేది. మూడు నెలల్లో పదకొండు మంది ఉద్యోగం మానేస్తే పైవాళ్లకు కంగారు పుట్టింది. ఉద్యోగుల మానసిక ఆరోగ్యం కోసం మనసును నిలిపే మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ అని గోడకు పోస్టరు అంటించారు. బుధవారం బుధవారం, బృందానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కాల్స్ మిగతా బృందాలు తీసుకోవాలి. అంటే ఒకరి ప్రశాంతత పక్కవాళ్ల మెడకు చుట్టుకునేది.

గౌరీశ్వరి నన్ను మెడలోంచి తీయడం మరిచిపోయి, తీగ వేలాడుతుండగానే ఆ గదిలోకి వెళ్లింది. శిక్షకురాలు వసుంధర నలభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడేది. “కళ్లు మూసుకోండి. ఊపిరిని గమనిస్తూ మనసులో లెక్కపెట్టండి. ఒకటి... రెండు...”

గౌరీశ్వరి ప్రయత్నించింది. నిజంగానే ప్రయత్నించింది. ఏడో అంకెకు ఆమె గుండె నా మైకును కొట్టడం మొదలైంది. పదో అంకెకు వేళ్లు నా తీగను మెలిపెట్టాయి. ఆ పైన కుర్చీ పడింది, ఆమె నేల మీద ఉంది.

“నాకు రాదు మేడమ్,” అంది, ఊపిరి అందక. “లెక్కెడితే సచ్చిపోతంది. పదకొండుకి సచ్చిపోతంది మేడమ్.”

అందరినీ బయటికి పంపి వసుంధర ఆమె పక్కనే నేల మీద కూర్చుని మొత్తం విన్నది. తర్వాత ఇమ్మానుయేలును పిలిచింది. “ఇది నా శిక్షణతో పోయేది కాదండీ. నేనే ఈమెకు ఇంకా కీడు చేశాను. ఈమెకు డాక్టరు కావాలి, సెలవు కావాలి. ఇవాళే.”

“ఇరవై కాల్స్ ఆగున్నాయండీ. మనుషుల్లేరు.”

“ఈమె కూడా లేనట్టే లెక్కేసుకోండి.”

 ఇమ్మానుయేలు వంగి గౌరీశ్వరి మెడలోంచి నన్ను తీసి తన తలకు పెట్టుకున్నాడు. “ఇంటికెళ్లమ్మా,” అన్నాడు. అయిదేళ్లుగా కాల్స్ తీసుకునేవాళ్లను లెక్కపెట్టినవాడు ఆ సాయంత్రం స్వయంగా ముప్పై ఒక్క కాల్స్ తీసుకున్నాడు. పంతొమ్మిదో కాల్‌లో ఒక పసిబిడ్డ పోయింది. అది ముగిశాక అతని చెయ్యి బల్ల మీద దేనికోసమో తడుముకుంది, ఏమీ దొరకలేదు.

చావు విన్నవాళ్లకు కనీసం అరగంట విరామం ఇవ్వాలని అతను పైవాళ్లకు రాశాడు. నెల తర్వాత జవాబొచ్చింది: ఉద్యోగుల క్షేమం దృష్ట్యా శిక్షణను వారానికి రెండు రోజులకు పెంచడమైనది.

గౌరీశ్వరి రెండు నెలలకు గుర్తింపు కార్డు ఇచ్చెయ్యడానికి వచ్చింది. బాగా చిక్కింది.

“నిద్ర పడుతోందా?” అడిగాడు ఇమ్మానుయేలు.

“మందులేసుకుంటే రెండు గంటలు పడుతోంది సార్. ఫోన్ మోగితే మాత్రం చెల్లే తీయాలి.”

అతను బల్ల మీది కాగితాలు సర్దాడు. ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు తీగల్లేని కొత్త హెడ్‌సెట్‌లు వచ్చాయి. మమ్మల్ని అట్టపెట్టెల్లో కుక్కి మెట్ల కింద పడేశారు. నా తీగ ఎక్కడో తెగింది. మొన్న శిక్షణ జరుగుతుండగా ఎవరో దబదబా దిగివచ్చి చివరి మెట్టు మీద కూలబడ్డారు. కొత్తగా చేరిన కుర్రది, మోకాళ్లలో ముఖం దాచుకుని వెక్కుతోంది. కాసేపటికి వసుంధర దిగింది. ఊపిరి మాట ఎత్తలేదు. ఆ పిల్ల పక్కన ఇరుకులో కూర్చుని, తనూ కళ్లు తుడుచుకుంది. పైనుంచి ఎవరో పిలిచారు, కాల్స్ ఆగి ఉన్నాయని. మళ్లీ పిలిచారు.

ఇద్దరూ లేవలేదు.