కుడికి లాగి పట్టు

ఆ డ్రైవింగ్ స్కూల్ నడిపే ఆవిడను అందరూ బ్రేకమ్మ అనేవారు. నేర్చుకునేవాళ్లు క్లచ్ వెతుక్కునేలోపే ఆవిడ కాలు తన వైపున్న రెండో బ్రేకు మీద పడేది. స్కూలుకున్నది ఒకటే కారు. అందులో ఎవరు కూర్చున్నా ఆవిడ చెప్పే మొదటి పాఠం ఇదే.

"స్టీరింగ్ కాస్త కుడికి లాగి పట్టు. వదిలావంటే ఎడమకి పోతుంది. కార్లన్నీ అంతే."

ఒకరోజు పంక్చరైన కారును తన మరిది షెడ్డుకు తీసుకెళ్లింది. మరిది ముందు కుడి టైరు విప్పి, "వదినా, ఒకసారి ఇలా రా" అన్నాడు. బయటి వైపు గాడులు బాగానే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం బోడిగుండులా అరిగి, తీగలు తొంగి చూస్తున్నాయి.

"మొన్ననే కదయ్యా కొత్తవి వేశావు! నాసిరకం అంటగట్టావన్నమాట."

"టైరేం చేసింది పాపం? నీ శిష్యులెవరో డివైడర్‌కి గుద్దారు. చక్రం పైభాగం లోపలికి ఒరిగిపోయింది. బరువంతా లోపలి అంచు మీదే పడుతోంది. బండి ఎడమకి లాగట్లేదూ?"

"కార్లన్నీ లాగుతాయిగా?"

మరిది ఆవిడ ముఖంలోకి చూశాడు. హాస్యమాడటం లేదని తెలిశాక స్పానర్ కింద పెట్టి మరీ నవ్వాడు.

సాయంత్రానికి వంగిన భాగం మార్చి, అలైన్‌మెంట్ సరిచేసి, కొత్త టైరు వేసి ఇచ్చాడు. బ్రేకమ్మ స్టీరింగ్ ముందు కూర్చుని, అలవాటు కొద్దీ కుడికి లాగింది. కారు గేటు పక్కనున్న పాత టైర్ల కుప్పలో దూరింది.

"చెడగొట్టావు కదయ్యా! ఇప్పుడు కుడికి లాగుతోంది!"

"కారు కాదు వదినా, లాగేది నువ్వే."

ఆవిడ కోసం వచ్చి షెడ్డులో బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న ఆవిడ భర్తకు పొలమారింది. ఆయనా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. సొంత కారుకి కుడివైపు అద్దం విరగ్గొట్టుకున్నప్పుడల్లా, చూపు ఆనడం లేదని సాధించి సాధించి, చివరికి ఆయనకు కళ్లజోడు పెట్టించింది. ఆయన దాన్ని తీసి భార్య చేతిలో పెట్టాడు.

"అయితే నా కళ్లకేం రోగం లేదన్నమాట."



మర్నాడు ఉదయం ఖాళీ రోడ్డు మీద ఆయన గురువు సీట్లో కూర్చున్నాడు, ఆవిడ స్టీరింగ్ పట్టింది.

"చేతులు తేలిగ్గా పెట్టు. రోడ్డు తిన్నగానే ఉంది, కారూ తిన్నగానే ఉంది."

"అంటే నేనే వంకరనా?"

"నేనలా అన్నానా?" అంటూ ఆయన బ్రేకు తొక్కాడు.

"ఎందుకండీ తొక్కారు? ఎదురుగా పిట్ట కూడా లేదు!"

"ఊరికే. ఎలా ఉంటుందో చూద్దామని."

ఆవిడ పళ్లు నూరింది. కానీ కాసేపటికి వేళ్ల బిగువు సడలింది. కారు తనంతట తానే తిన్నగా పోతుంటే బిత్తరపోయి చూసింది. "ఇంత సుఖంగా ఉంటుందా డ్రైవింగ్!" అంది చివరికి. ఆ మాట అన్నాక ఆవిడకు నవ్వు ఆగలేదు, ఆ వెనకే సిగ్గూ ముంచుకొచ్చింది.

ఇంటికి రాగానే పాత శిష్యులందరికీ ఫోన్లు చేసింది. "ఒక క్లాసు బాకీ ఉన్నాను, రండి" అంది, ఎందుకో చెప్పలేదు. ఆదివారం స్కూలు ముందు కార్లు బారులు తీరాయి. కుడివైపు సొట్ట లేని కారు ఒక్కటీ లేదు.