మా లాంటివాళ్ళ గిటారు

వీధిలో అందరూ ఆయన్ని స్టూడియో అనే పిలుస్తారు. ఆయన నడిపిన ఫొటో స్టూడియో మూతపడి చాలా కాలమైంది గానీ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. భార్య పోయాక ఆయన వెళ్ళడానికి మిగిలిన గుమ్మం ఒక్కటే, ఆవిడ తమ్ముడి షెడ్డు. అక్కడ బావమరిది గిటార్లు చేస్తాడు. బావ వాటికి ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెడతాడు. అమ్ముడైనవాటిని తీసేయడం, కొత్తవాటి కొలతలు రాయడం, వచ్చిన మెయిళ్ళకు జవాబివ్వడం కూడా ఆయన పనే.

ఆ పని ఇంకెన్నాళ్ళో తెలియదు. బావమరిది తేల్చి చెప్పేశాడు.

"బావా, కొనేవాడు నోటి మాట విని వస్తున్నాడు గానీ నీ ఫొటో చూసి ఒక్క పురుగు కూడా ఈ గుమ్మం తొక్కలేదు. ఈ ఎండలు తగ్గేలోపు ఒక్కరొస్తే సరేసరి. లేకపోతే వెబ్‌సైట్ కట్టేద్దాం. నువ్వూ ఇంట్లో హాయిగా ఉండొచ్చు."

"ఆ హాయి ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి," అన్నాడు స్టూడియో.

బావమరిది ఆ వెబ్‌సైట్‌ను ఒక్కసారి కూడా తెరిచి చూసిన పాపాన పోలేదు. చెక్కను చేత్తో చూడాలి, గాజులో కాదంటాడు. చెక్క కోయడానికి అచ్చులు కూడా వాడడు. కంటి కొలతే. తన కన్ను తప్పదని ఆయన నమ్మకం.

అలాంటి సమయంలో తేనెరంగు గిటారుకు మెయిళ్ళు రావడం మొదలైంది.

మిగతావాటిలాంటిదే అది కూడా. ఒక భుజం దగ్గర ఎవరో కొరికినట్టు లోపలికి వంపు ఉంటుంది, మెడ మీది చివరి మెట్ల దాకా వేళ్ళు అందడానికి. పక్కనే నల్లది ఉంది, ఎర్రది ఉంది. వాటినెవరూ అడగలేదు. దీనికి మాత్రం ఎక్కడెక్కడివాళ్ళో రాశారు. "ఇది నిజమేనా?" అని ఒకరు. "ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా?" అని ఒకరు. "మా లాంటివాళ్ళను తలచుకునే మనిషి ఒకడున్నాడన్నమాట" అని ఇంకొకరు.

మా లాంటివాళ్ళంటే ఎవరు? ఆ ముక్క స్టూడియోకి పంటి కింద రాయిలా తగులుకుంది.

"చెక్క విలువ తెలిసినవాళ్ళు," అన్నాడు బావమరిది, ఉలి నూరుతూ.

"వెలుగు విలువ తెలిసినవాళ్ళు," అన్నాడు స్టూడియో.

"బట్టతలవాళ్ళేమో అన్నయ్యా. అయితే మీరిద్దరూ కూడా ఓ మెయిలు రాయండి," అంది బావమరిది భార్య, తలుపు దగ్గర నిలబడి.

రాసినవాళ్ళనే అడిగితే పోయేది. అడగడానికి ఆయనకు మనసొప్పలేదు. నా సరుకులో ఏముందో చెప్పండి బాబూ అని కొనేవాణ్ణి అడిగే అంగడివాడు ఎక్కడైనా ఉంటాడా? అందుకని ఫొటోనే అడిగాడు. కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టాడు. ఎదురుగా థర్మోకోల్ అట్ట నిలబెట్టాడు. వార్నిష్ అద్దంలాంటిది, తీసేవాడి మొహం కూడా అందులో పడుతుంది. నల్లదుప్పటికి కన్నం చేసి, అందులోంచి లెన్స్ ఒక్కటే బయటపెట్టి, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ నల్లదాన్నీ ఎర్రదాన్నీ అంతే మెత్తటి వెలుగులో మళ్ళీ తీశాడు. వేలిముద్రలు పడకుండా నూలు తొడుగులు వేసుకుని, ఒక్కోదాన్నీ పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబెట్టాడు. పేజీలో కొత్త ఫొటోలు పెట్టాడు. ఎవరూ ఏమీ రాయలేదు.

వెలుగు కాదన్నమాట. మరేమిటి?

జవాబు మనిషి రూపంలోనే వచ్చింది. పిల్లలకు పాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ, తేనెరంగు గిటారు చూడటానికి బయల్దేరుతున్నానని రాసింది. ఆ రోజు బావమరిది ఇస్త్రీ చొక్కా వేశాడు.

"మీకేమైనా సంబంధం చూస్తున్నారా?" అంది భార్య.

"నువ్వుండవే. ఫొటో చూసి వస్తున్న మొదటి మనిషి," అన్నాడాయన. స్టూడియో వైపు కొంచెం మర్యాదగా కూడా చూశాడు.

టీచరమ్మ బస్సు ధూళితోనే లోపలికి వచ్చింది. మంచినీళ్ళిస్తే తాగలేదు. గిటారు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. దాని మెడను తన కుడివైపు తిప్పి పట్టుకుంది. ఎడమచెయ్యి తీగల మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"ఇది కాదండీ."

"ఇదేనమ్మా. తేనెరంగుది ఇదొక్కటే," అన్నాడు బావమరిది.

"ఫొటోలోది ఎడమచేతివాటం గిటారు. ఇది మామూలుదే." ఆవిడ వంపును చూపించింది. వేళ్ళకు అందాల్సిన వంపు పైకి లేచి, ఆకాశాన్ని చూస్తోంది. కింద ఉండాల్సిన సన్నతీగ పైన ఉంది. "నా లాంటివాళ్ళకు కొట్లో దొరకదు. దొరికితే ఆటబొమ్మలాంటిది. మీది చూసి నిద్ర పట్టలేదు నాకు."

స్టూడియో లాప్‌టాప్ తెరిచాడు. తెరవక ముందే ఆయనకు తెలిసిపోయింది. ఆ గిటారు తీసిన రోజు, ఎప్పుడూ వాడే కిటికీకి అడ్డంగా కొత్త పలకలు పేర్చి ఉన్నాయి. అటుపక్క కిటికీ వెలుగులో తీశాడు. పేజీలో పెడితే అన్ని గిటార్ల నీడా ఒక పక్క, దీని నీడ ఒక పక్క. వరసలో ఎత్తుపన్నులా కనిపించింది. ఒక్క మీట నొక్కి ఫొటోను అటుదిటు తిప్పేశాడు. వరస కుదిరింది. గిటారు ఎడమచేతిదైపోయింది.

స్టూడియో నడిపే రోజుల్లో ఒక పనివాడు ఇలాగే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేస్తే, పెద్దమనిషి పాపిడీ చొక్కా బొత్తాలూ పక్క మారాయి. వాణ్ణి ఆ పూటే గెంటేశాడాయన. మళ్ళీ మెట్టెక్కనివ్వలేదు. తప్పు అదే. తీర్పు చెప్పేవాడు మారాడు.

"తిరగేశాను," అన్నాడు.

"తీగలు తిప్పి కడితే సరిపోదూ?" అంది బావమరిది భార్య.

"సరిపోదు. లోపలి బద్దలన్నీ లావుతీగ ఎటుందో చూసి అంటించినవి. ఈ వంపునేం చేస్తాం, తీసి అటు అతికిస్తామా?" అని బావమరిది టీచరమ్మ వైపు తిరిగాడు. "నేనెప్పుడూ అలాంటిది చెయ్యలేదమ్మా. ఎవరూ అడగలేదు."

"చేసేవాళ్ళు లేరని మేం అడగం. అడిగేవాళ్ళు లేరని మీరు చెయ్యరు. బాగానే ఉంది." ఆవిడ గిటారును జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

బావమరిది మొహం కందిపోయింది. "విన్నావా బావా? నోటి మాటకైతే ఇలాంటి తలవంపులు లేవు. తీసెయ్ ఆ బొమ్మ. దాంతోపాటు అన్నీ తీసెయ్. ఇవాళ్టితో సరి."

"అలాగే," అన్నాడు స్టూడియో. బతిమాలడం ఆయన వంట్లో లేదు.

"ఆగండి," అంది టీచరమ్మ. "తీసేస్తే ఇంక కనబడదు కదా. ఒక్కసారి పెద్దది చేసి చూపించండి."

స్టూడియో ఫొటోను తెర నిండా పెంచాడు. ఆవిడ వంగి చూసింది. ఇంత దూరం రప్పించిన వస్తువేమిటో చూడాలని బావమరిదికీ అనిపించినట్టుంది, ఆవిడ వెనకనుంచి మెడ సాచాడు.

"ఇదెవరు చేసింది?" అన్నాడు.

"నువ్వే."

"నేను కాదు. నడుం కింద ఒక పక్క జారింది చూడు. ఇంత వంకరగా నేను చెయ్యను."

స్టూడియో ఫొటోను మళ్ళీ తిప్పాడు. తేనెరంగుది ముచ్చటగా నిలబడి ఉంది.

"ఇది నాది," అన్నాడు బావమరిది.

స్టూడియో తిప్పాడు. జారింది. తిప్పాడు. బాగుంది. బావమరిది కళ్ళు నలుపుకున్నాడు. అసలు గిటారును ఎత్తుకుని గోడ అద్దం ముందుకు పోయాడు. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. దారం తెచ్చి, నడిమి అతుకు దగ్గర ఒక కొస పట్టుకుని, రెండో కొస అంచుకు లాగాడు. ఒక పక్క చాలింది. రెండో పక్కకు అదే దారం వేలి మందం తక్కువైంది.

"కన్నుకు అలవాటైపోతే అంతే. నా మొహం వంకర కూడా ఫొటోలోనే తెలిసింది నాకు," అంది టీచరమ్మ.

బావమరిది స్టూలు లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. "నల్లదాన్ని తిప్పు."

తిప్పాడు. జారింది.

"ఎర్రది."

అది కూడా.

"అమ్ముడైనవన్నీ తీసేశావుగా?"

"పేజీలోంచి తీశాను. ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి."

"ఎప్పట్నుంచి?"

"నేను ఇక్కడికి రావడం మొదలుపెట్టినప్పట్నుంచి."

బావమరిది ఆయన మొహం వంక చూడలేదు. తెర వైపే చూస్తూ, "నువ్వు చేసింది తప్పే," అన్నాడు.

"కాదన్నానా?"

"అమ్మా, నువ్వు కూర్చో. నీ చెయ్యి కొలత తీసుకోవాలి. ముందు నా వంకర ఎక్కడ మొదలైందో చూసుకోనీ."

టీచరమ్మ భుజాన ఉన్న సంచి దించింది. మంచినీళ్ళు అడిగింది. స్టూడియో పాతవి తెరిచి ఒక్కోటీ తిప్పుతున్నాడు. ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళిపోయిన గిటార్లు. బావమరిది తెర మీద వేలు పెట్టి ఒక్కోదాని నడుమూ తడిమి చూస్తున్నాడు.

"ఇంకా వెనక్కి వెళ్ళు బావా," అన్నాడు.

స్టూడియో వెళ్ళాడు.