ఈల వేయని దెబ్బ

ఐస్ హాకీ ప్రాక్టీసు అయిపోయాక మంచు మీద పడున్న పక్‌లన్నీ, ఆ నల్ల రబ్బరు బిళ్ళలన్నీ, ఏరి బకెట్‌లో వెయ్యడం మొదటి సంవత్సరం పిల్లల పని. గురువారం పొద్దున ఒక పక్ కోసం వంగాను. అక్కడ రెండున్నాయి. చెయ్యి పెడితే రెండూ లేవు, వట్టి మంచు తగిలింది. ఇంకోసారి తడిమితే గానీ చేతికి దొరకలేదు. ఎవరైనా చూశారేమోనని తలెత్తాను. థీసెన్ చూసింది.

థీసెన్ నా రూమ్మేట్. అసలు పేరు మార్లీ, కానీ హాకీలో ఎవరినీ అసలు పేరుతో పిలవరు, ఇంటిపేరో దాని ముక్కో. నేను ఇంట్లో లారిసాని, ఇక్కడ హ్రించీని.

గదికి రాగానే మొదలుపెట్టింది. "ఏమే, పక్ కరుస్తుందా? అట్లా తడుముకుంటున్నావు?"

"గ్లవ్స్ తడిసిపోయాయి."

"గ్లవ్స్ కాదు. పోయిన శుక్రవారం మ్యాచ్‌లో అవతలి టీములో ఆ తాడిచెట్టంత పిల్ల నిన్ను రింకు గోడకేసి కొట్టింది చూడు, అప్పట్నించీ నువ్వు నువ్వులా లేవు. వెళ్ళి కోచ్‌కి చెప్పవే."

నేను అటు తిరిగి బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాను. ఎందుకింత జాలి? వంతులవారీగా మంచు మీదికి దిగే లైన్లలో, నవంబరు దాకా రెండో లైనులో ఎడమ పక్కన ఆడింది తనే. "థీసెన్‌కి ఆట మీద మనసు లేదు" అని కోచ్ తనని కిందికి దించి నన్ను పైకి తెచ్చాడు. శనివారం ప్లేఆఫ్ మ్యాచ్. నాకు తల బాగోలేదంటే ఆ చోటు ఎవరికి పోతుందో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పైగా ఒట్టు పెట్టుకున్నట్టు రోజూ అడుగుతోంది. నిద్ర పట్టిందా, వెలుతురు గుచ్చుతోందా అని. ఎవరి తలనొప్పి ఎవరికి కావాలి?

చెప్పకుండా ఉండటం నాకు కొత్త కాదు. మా ఊళ్ళో ఆడపిల్లల టీము లేదు. గోధుమ గోదాం వెనక మగపిల్లలతోనే ఆడాను. పడినప్పుడల్లా నాన్న కంచె మీంచి అరిచేవాడు. "లే, లే! ఏడిచావంటే రేపట్నించి వీళ్ళు నిన్ను రానివ్వరు." నొప్పి ఎక్కడుందో చూసుకోకుండానే లేచేదాన్ని. పోయిన శుక్రవారం కూడా అలాగే లేచాను. మిగిలిన ఆటంతా ఆడానట. నాకు గుర్తు లేదు.

భయం లేక కాదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ఏమవుతుందో సీజన్ మొదట్లో, దెబ్బలకి కట్లు కట్టే ట్రైనర్ చెప్పాడు, ఒక్కోసారి మనిషే దక్కదని. ఆ ట్రైనర్ మగపిల్లల టీముకి. వాళ్ళ పని అయ్యాక మిగిలిన టైములో మాకు. బుధవారం రింకు వరండాలో ఆయన కనిపిస్తే ధైర్యం చేసి, తల కొంచెం నొప్పిగా ఉందన్నాను. పక్కనే కోచ్ ఉన్నాడు.

"దేనికి నొప్పి?" అన్నాడు కోచ్. "అమ్మాయిల ఆటలో ఢీకొట్టడం తప్పు. తప్పయితే ఈల వేసేవాళ్ళు. వెయ్యలేదంటే ఎవరూ ఢీకొట్టలేదు." తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజులా?" అన్నాడు.

ట్రైనర్ పైకప్పు కేసి చూస్తున్నాడు. నాకు మొహమంతా మండిపోయింది. అవునన్నాను. కాదు. కానీ అవునంటే అక్కడితో అయిపోతుంది. గదిదాకా తల దించుకుని నడుస్తూ ఆలోచించాను. ఈల వెయ్యలేదని నా తలకి కూడా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది కదా, నొప్పి పుట్టాలో వద్దో దానికి తెలిసేది.

శుక్రవారం మధ్యాహ్నం, అమ్మ పంపిన పిరోగీలకి, బంగాళాదుంప కూరిన కుడుములకి, థీసెన్ ఉల్లిపాయలు వేయించబోయి, నా వైపు చూసి స్టవ్ ఆపేసింది.

"వాసనకి కడుపులో తిప్పుతోంది కదూ? వద్దులే, ఊరికే ఉడకబెడతా."

నాకు ఒళ్ళు మండింది. "నీకెలా తెలుసు? అన్నీ నీకెలా తెలుస్తాయి? నీ చోటు కావాలంటే కావాలని చెప్పు. డాక్టరమ్మలా మాట్లాడకు."

గరిటె పక్కన పెట్టింది. "నవంబరులో నాకు తగిలింది కాబట్టి తెలుసు. నేను వెళ్ళి కోచ్‌కి చెప్పాను, వెర్రిమొహాన్ని. పరీక్షల భయం అన్నాడు. భయపడే పిల్ల రెండో లైనులో ఎందుకన్నాడు. నన్నెందుకు దించానని నీకు చెప్పాడు?"

"మనసు లేదని."

"చూశావా. మనసే లేనిదాన్నట."

"ఇప్పుడు తగ్గిందా?"

తను కిటికీ కేసి చూసింది. మా గది కర్టెన్లు నవంబరు నుంచీ మూసే ఉన్నాయి. చలికేమో అనుకున్నాను నేను.

"మరి నన్నెందుకు చెప్పమంటున్నావు? నన్నూ దించడానికా?"

"ఒక్కదాన్ని చెబితే భయం అయింది. ఇద్దరం చెబితే దానికేం పేరు పెడతారో చూద్దామని. నువ్వు చెబితే నేనూ చెబుతా."

నమ్మాలనే ఉంది. కానీ ముందు చెప్పాల్సింది నేను. తర్వాత తను నోరు తెరవకపోతే? అబద్ధమే ఆడుతుంటే? ఎంత తిప్పి చూసినా ఒక్కటే తేలింది. తను అబద్ధమాడినా నా తల అబద్ధమాడటం లేదు.

శనివారం డ్రెస్సింగ్ రూములో కోచ్ ఒక్కొక్కరి ముందూ ఆగి బొటనవేలు ఎత్తి చూపించాడు. వాళ్ళూ ఎత్తారు. మాకు వైద్యపరీక్ష అంటే అదే. నా ముందు ఆగాడు. నా చెయ్యి ఒళ్ళోనే ఉంది.

"హ్రించీ?"

"నాకు తలకి దెబ్బ తగిలింది కోచ్. పోయిన వారం మ్యాచ్‌లో. ఒకటి రెండుగా కనిపిస్తోంది. అవి ఆ రోజులు కావు." నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఆయన ట్రైనర్ వైపు చూసి నవ్వాడు. "మంచి టైముకి గుర్తొచ్చింది. ఇంకెవరికైనా ఉందా తలనొప్పి? సిగ్గుపడకండమ్మా, చెప్పేయండి."

ఒకరిద్దరు నవ్వారు. నేను థీసెన్ వైపు చూశాను. నా వైపు చూడటం లేదు. తల వంచుకుని స్కేటు లేసులు పట్టుకుని ఉంది. అంతే మరి, అనుకున్నాను. నా నోటితోనే నా చోటు ఖాళీ చేయించింది.

కాసేపటికి గానీ నా కళ్ళు కుదురుకోలేదు. తను లేసులు బిగించడం లేదు. విప్పుతోంది.