గడ్డి నాటిన చేను

నాలుగేళ్లలో మీలో ఒక్కడైనా బండి దిగాడా? తలుపు మీద అటవీ ఆఫీసు ముద్ర వేసుకున్న ఆ తెల్ల బండి దిగి, చేలో మోకాలు వంచి, ఒక్క దుబ్బు విడదీసి, ఇదిగో మొగ్గ అని క్లీవన్ మాబ్రీకి చూపించాడా? లేదు. గట్టు మీంచే చెయ్యూపి పోయారు. డెబ్బై ఏళ్ల మనిషిని, ‘క్లీవన్, ఇక్కడ సంతకం’ అని పాలేరును కేకేసినట్టు కేకేసి పోయారు. అమెరికాలో, ఈ దక్షిణ జార్జియాలో నల్లవాడి నేల ఎన్నిసార్లు సంతకాలతో పోయిందో మీకు తెలియదా?

ఆ ఫిబ్రవరి పొద్దున కూడా అతను తెల్లారేసరికి చేలోనే ఉన్నాడు. పొడుగు మనిషి. మెడ కుడివైపుకి తిరిగి ఉంటుంది. నలభై ఏళ్లు పరాయి చేలల్లో ట్రాక్టరు మీద కూర్చుని, వెనక నాగలి ఎలా నడుస్తోందో భుజం మీంచి చూసీ చూసీ అలా నిలిచిపోయింది. ఎడమచేతి చూపుడువేలు సగమే. మిగతాది వేరుశనగ తవ్వే మిషను తీసుకుంది. సాళ్ల వెంట నడుస్తూ దుబ్బు దుబ్బు దగ్గరా ఆగాడు. నాలుగేళ్లుగా అవే దుబ్బులు, చీపురు కట్టను తలకిందులుగా పాతినట్టు. మొదటి ఏడు ఎంత ఎత్తో, ఇప్పుడూ అంతే. రోడ్డవతల కాగితం కంపెనీ వాళ్లు అదే ఏడు నాటిన వేరే రకం పైన్ చెట్లు మనిషి ఎత్తు దాటిపోయాయి.

అతని చేనులో గడ్డి! ఆ ఊళ్లో ఆదివారం చర్చి విడిచాక ఎవరూ తిన్నగా ఇంటికి పోరు. బండ్లు నెమ్మది చేసుకుని ఒకరి చేను ఒకరు చూసుకుంటూ పోతారు. గడ్డి కనబడితే చాలు, ఆ ఇంట్లో సోమరి పుట్టాడంటారు. క్లీవన్ నాన్న చేనులో గడ్డి పరక ఎవరూ చూడలేదు. క్లీవన్ ఓపిక తగ్గి వేరుశనగ మానేసినప్పుడు, పత్తికి ముందు ఈ నేల మీదున్న పైన్ అడవినే మళ్లీ లేపుతామని ఆఫీసువాళ్లంటే సరేనన్నాడు. కూలీలొచ్చి నాటేసి పోయారు. చెయ్యి వేయొద్దని కాగితంలో ఉంది. వెయ్యలేదు.

ఇంటికొస్తే భార్య ఎర్నెస్టీన్ మొక్కజొన్న రవ్వ జావ పళ్లెంలో పోసి పెట్టింది.

“ఏమయ్యా, చెట్లు లేచాయా? లేక ఇంకా నిద్రపోతున్నాయా?”

“నవ్వు, నవ్వు. గడ్డి నాటి పోయారే వాళ్లు. చెట్లు రాలేదు, మాట తప్పావు, నేల ఇటు రాసెయ్ అంటారు చూడు.”

“నిరుడు మంట పెడతామని వస్తే నువ్వే కదా తరిమావు?”

“తరమనా మరి? చెట్లకి మంట పెడతారంట, మంచిదంట! మా తాత కొట్టానికి మంట పెట్టిన తెల్లోళ్లూ నవ్వుతూనే వచ్చారు.”

ఆ కొట్టం కథ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మంట ఈ జాతి పైన్‌కి ఎందుకు కావాలో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పినవాడు లేడు.

కాసేపటికి పర్సెల్ వచ్చాడు. పక్క చేను అతనిది, చర్చి పెద్దల్లో ఒకడు, డీకను.

“ఏరా క్లీవన్, ఆవుల్ని కొంటున్నావా? ఇంత మేత పెంచావు!”

“నీ నోరు మూసుకో డీకనూ.”

“నాకెందుకురా. తెల్ల బండి నిన్న మళ్లీ ఆగింది నీ గట్టు మీద. దూరం నుంచి ఫొటోలు తీసుకుని పోయారు. ఊరికే తీస్తారా?”

అంతే. ఆ మాట ముల్లులా దిగింది. పర్సెల్ పోగానే క్లీవన్ ట్రాక్టరుకి నాగలి తగిలించాడు. దున్నేస్తే వాళ్లు చూపించడానికి గడ్డి ఉండదు. ఏప్రిల్‌లో వేరుశనగ పెడితే ఇది చేను, నాన్న చేను. ఎవడొచ్చి రాయించుకుంటాడో చూద్దాం.

మెడ భుజం మీదికి తిప్పి మూడు సాళ్లు దున్నాడు. మూడో సాలు చివర ముక్కుకి ఏదో తగిలింది. బండి ఆపాడు. గాలి పీల్చాడు. టర్పెంటైన్ నూనె వాసన. తన చిన్నప్పుడు నాన్న దొర అడవిలో పైన్ చెట్లకి గాట్లు పెట్టి జిగురు తీసేవాడు. ఆ చొక్కా ఎన్నిసార్లు ఉతికినా అదే వాసన.

గడ్డికి ఆ వాసన ఎక్కడిది?

దిగి తిరగబడ్డ మట్టిలో చెయ్యి పెట్టాడు. దుబ్బు కింద బొటనవేలంత లావు వేరు. నాగలి తెంపిన చోట తెల్లగా జిగురు ఊరుతోంది. తెగిన మిగతా ముక్క కోసం తవ్వాడు. మోచేతి దాకా మట్టిలో దూర్చినా దాని కొస అందలేదు. దుబ్బు విడదీశాడు. మధ్యలో వెండి రంగు మొగ్గ, మూసిన పిడికిలిలా. నాలుగేళ్లూ ఇది పైకి రాలేదు. కిందికి పోయింది.

“ఎవడూ చెప్పలేదే,” అన్నాడు. వినేవాళ్లు లేరు.

ఇక చేతులు ఆగలేదు. పెళ్లగించినవన్నీ ఒక్కొక్కటే మళ్లీ నిలబెట్టి, మట్టి ఎగదోసి, పిడికిళ్లతో అదిమాడు. తెగిన వేరు అతుక్కోదని రైతుకి తెలియదా? తెలుసు. అయినా అదిమాడు.

ట్రాక్టరు చప్పుడు ఆగి చాలాసేపయిందని ఎర్నెస్టీన్ పళ్లెం మీద గుడ్డ కప్పి చేనుకి తెచ్చింది. అతను సాలులో మోకాళ్ల మీద ఉన్నాడు. చేతులు మణికట్ల దాకా మట్టిలో, నుదురు నేలకి ఆనించి. ప్రార్థన చేస్తున్నాడనుకుంది. అయ్యేదాకా పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడింది. గుడ్డ కింద అన్నం చల్లారిపోయింది.

అయ్యా, ఆఫీసుల్లో ఉన్నవాళ్లూ, అతని సమాధికి పూలదండ పంపకండి. ఇప్పుడు రండి. దున్నని సాళ్లన్నీ బతికే ఉన్నాయి. మంట పెట్టాల్సిన కాలం దాటిపోకముందే రండి. పట్టపగలు రండి, బండి రోడ్డు మీద వదిలి నడిచి రండి. ఆవిడని మిసెస్ మాబ్రీ అని పిలవండి. మోకాలు వంచి మొగ్గ చూపించండి. మంట ఈ మొగ్గని ఎందుకు చంపదో, ఆకుల తెగులుని ఎలా చంపుతుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పండి. ఆవిడ సరే అన్నాకే అగ్గిపుల్ల గియ్యండి. ఇక్కడితో ఆగకండి, మీ చెట్లకి నేల ఇచ్చిన ప్రతి ఇంటికీ పోయి ఇదే చెప్పండి.

వచ్చినప్పుడు మూడో సాలు చివర చూసి నడవండి. అతను ఆఖరున నిలబెట్టిన దుబ్బుకి ఎండ తగలకుండా తన టోపీ బోర్లించి, గాలికి పోకుండా అంచు మీద మట్టిపెడ్డ పెట్టి పోయాడు. ఎర్నెస్టీన్ దాన్ని ఎవరినీ తియ్యనివ్వలేదు.